అవ్వకు చెప్పి రా

బాగేపల్లి,
7 జులై 2024.

పూజ్యులు పురుషోత్తమ్ సార్ గారికి,

మీ దగ్గర ఎనిమిది నుంచి పది దాకా సైన్సు చదువుకున్న నమ్రత నమస్కారాలు. చింతామణి బజారులో నాగరాజశెట్టి అంగడి రెండో అమ్మాయిని అంటే వెంటనే గుర్తుకొస్తాను. ఫోన్ చేద్దామంటే మీకు చెవులు బొత్తిగా వినబడడం లేదని, ఫోన్లో అక్షరాలు చదివితే కళ్ళు నీళ్ళు కారతాయని నాన్న చెప్పాడు. అందుకే కాగితం. కన్నడలో రాస్తే ఆఫీసుకు అర్జీ పెట్టుకున్నట్టు ఉంటుందని తెలుగులో రాస్తున్నాను. ఈ అక్షరాలు కూడా వేసవి సెలవుల్లో మీ ఇంటి అరుగు మీద మీరు నేర్పినవే. తప్పులుంటే ఎర్ర ఇంకుతో దిద్ది పంపండి.

గట్టుపల్లి సర్కారీ హైస్కూల్లో సైన్సు చెప్పే అతిథి శిక్షకిగా చేరి నెలయింది. అతిథి అంటే ఈ ఒక్క ఏడాదికే పిలిచారు, మళ్ళీ పిలుస్తారో లేదో తెలియదు. బాగేపల్లిలో గది తీసుకుని రోజూ బస్సులో పోయివస్తున్నాను. పదో తరగతిలో పంతొమ్మిది మంది. లాబ్ అంటే ఒక ఇనప బీరువా. తాళంచెవి ఎక్కడుందో ముందున్న సార్‌కే తెలుసట, ఆయన గుడిబండెకు బదిలీ అయిపోయాడు. హెడ్‌మాస్టర్ మంజునాథ గారు మంచివారే గాని, "పదిలో ప్రయోగాలు ఏంటికి మిస్? ఒక్కొక్క జవాబు పదిసార్లు రాయించండి, చాలు" అంటారు.

మీకు రాయడానికి అసలు కారణం అర్పిత అనే పిల్ల. వాళ్ళమ్మా నాన్నా తాడిపత్రిలో బండల పాలిష్ పనికి పోతారు. ఏడో తరగతి దాకా సరిహద్దుకు అటుపక్క తెలుగు బడిలో చదివింది. ఎనిమిదిలో ఇక్కడి కన్నడ బడికి మార్చి, అవ్వ లక్ష్మీదేవమ్మ దగ్గర వదిలివెళ్ళారు. కన్నడ అక్షరాలు నేర్చుకుంది, వాక్యం మాత్రం కూర్చడం రాదు. కానీ మొదటి రోజే నన్ను అడిగింది: "మిస్, ఆకాశం నీలంగా ఉండాది గదా, మబ్బు మాత్రం ఏంటికి తెల్లగా ఉండాది?" ఆ రోజే నాకు బడి మీద ప్రేమ పుట్టింది సార్.

బాగేపల్లి ఆసుపత్రిలో రక్తపరీక్ష గది కిటికీ నుంచి ఒకసారి మైక్రోస్కోప్ చూసిందట. ఆ మైక్రోస్కోప్ ముందు కుర్చీలో కూర్చోవాలని అర్పిత కోరిక. పదిలో తప్పితే మాత్రం చిక్కబళ్ళాపుర దగ్గర పూల షెడ్డుకు పంపుతానని అవ్వ ముందే చెప్పేసింది. ఊళ్ళో అప్పుడే నలుగురు అమ్మాయిలు గులాబీలు కట్టలు కట్టడానికి పొద్దున్నే వ్యాన్ ఎక్కుతున్నారు. మీ అటక మీద పాత చార్టులు, కార్డులు ఏమైనా ఉంటే కాస్త చూడండి.

మీ శిష్యురాలు,
నమ్రత.


చింతామణి,
15 జులై.

చిరంజీవి నమ్రతకు దీవెనలు.

నీ ఉత్తరంలో తప్పులు పదకొండు. దిద్ది పంపేస్తే మళ్ళీ చదువుకోవడానికి నాకేమీ మిగలదని నా దగ్గరే ఉంచుకున్నాను. చెవుడు వచ్చాక నాకు ఒక సుఖం దొరికింది. మా ఇంటావిడ ఏమన్నా తల ఊపుతాను, అందుకని ఇంట్లో గొడవల్లేవు.

చార్టులు చెదలు తిన్నాయి. డబ్బాలు మాత్రం ఉన్నాయి. మీ నాన్న అంగడిలో ఖాళీ అయిన ఇంగువ డబ్బాలు అడిగి తెచ్చుకునేవాణ్ణి, గుర్తుందా? ఒక్కో డబ్బాలో ఒక్కో పాఠం. పద్నాలుగు ఉన్నాయి. ఇప్పుడు ఆరు పంపుతున్నాను. చేలూరు మీదుగా వచ్చే బస్సు కండక్టర్ ఈరప్ప తెచ్చిస్తాడు. వాడు నా దగ్గర సైన్సులో రెండుసార్లు తప్పినవాడే, అయినా నేనంటే ప్రాణం.

ఇక వాడే పద్ధతి. డబ్బా తెరిచి పిల్లలే చెయ్యాలి, నువ్వు చెయ్యి పెట్టకు. అయ్యాక మూత వేసి ఇంటికి పంపు. అవ్వకో అమ్మకో, ఇంట్లో ఎవరుంటే వాళ్ళకు, ఏం చేశారో ఏమైందో ఇంటి మాటల్లో చెప్పాలి. విన్నవాళ్ళు ఒక్క ప్రశ్నయినా తిరిగి అడగాలి. ఆ ప్రశ్నను మర్నాడు క్లాసుకు పట్టుకుని రావాలి. ప్రశ్న రాలేదంటే పిల్ల సరిగ్గా చెప్పలేదని అర్థం, మళ్ళీ డబ్బా తెరవాలి. నా పునశ్చరణ ఇంతే. పుస్తకం రెండోసారి చదివించడం ఆ పుస్తకానికి మంచిదేమో గాని పిల్లకు పనికిరాదు.

ఇంటి మాటల్లో చెప్పడం ముఖ్యం. అది ఏ భాషయినా సరే.

నీ మేష్టరు,
పురుషోత్తమ్.


బాగేపల్లి,
22 సెప్టెంబరు.

సార్ గారికి నమస్కారాలు.

మా సైన్సు పీరియడ్‌కు పిల్లలు "ఇంగువ క్లాసు" అని పేరు పెట్టారు. డబ్బా మూత తీయగానే గదంతా ఘాటు. పక్క గదిలో సోషల్ చెప్పే అంజినప్ప సార్‌కు ఆకలి వేస్తుందట, నా మీద ఫిర్యాదు చేశారు.

పసుపు కాగితం డబ్బా తెరిచాం. సబ్బు నీళ్ళు తగిలితే ఎర్రబడింది. అర్పిత ఇంటికి పోయి చెప్తే వాళ్ళవ్వ, "అది నాకూ తెలుసు లేవే, పసుపు మరక మీద సబ్బు పెడితే ఎర్రగా అయితాది. నీళ్ళల్లో జాడిస్తే మళ్ళీ పచ్చగా ఏంటికి వస్తాది? అది చెప్పు" అన్నదట. మర్నాడు ఆ ప్రశ్న వచ్చింది. నేను జవాబు చెప్పేలోపే అర్పిత ఇంటి నుంచి తెచ్చిన చింతపండు పిసికి ఆ రసం కాగితం మీద వేసింది. ఎరుపు పోయి పసుపు వచ్చింది. "సబ్బు పోతే పచ్చ వస్తాది మిస్. నీళ్ళు నిదానంగా పంపిస్తాయి, పులుపు తొందరగా చంపుతాది" అంది. ఆమ్లం, క్షారం కలిస్తే ఏమవుతుందో నేను బీఈడీలో కూడా ఇంత బాగా చెప్పలేదు.

ఆదివారం వాళ్ళింటికి వెళ్ళాను. లక్ష్మీదేవమ్మ గారు నన్ను కూర్చోబెట్టి వేరుశనగలు పెట్టి, "మా ఇంట్లో ఇప్పుడు ఇద్దరం పది చదువుతాండాం అమ్మా" అని నవ్వింది. తాత పాపన్న మంచం మీద నుంచే ఇనప మేకు డబ్బా గురించి అడిగాడు. మిగిలిన డబ్బాలు కూడా పంపండి సార్.

నమ్రత.


చింతామణి,
29 సెప్టెంబరు.

అమ్మా నమ్రతా,

నీ ఉత్తరం మా ఇంటావిడకు పైకి చదివి వినిపించాను. నా గొంతు నాకు వినబడదు గదా, వీధంతా వినబడిందట. పులుపు తొందరగా చంపుతుందన్న మాట నేను నా నోట్సులో రాసుకున్నాను. ముప్ఫై ఒక్క ఏళ్ళు పాఠం చెప్పినా నాకు రాని వాక్యం.

మిగతా ఎనిమిది డబ్బాలూ ఇస్తున్నాను. అద్దాల డబ్బా జాగ్రత్త, ఈరప్ప దాని మీద కూర్చోకుండా చూడమని చెప్పాను.

ఆ పిల్లను ఆ కుర్చీలో కూర్చోబెట్టాలి. నేను బతికుండగా చూడాలి.

పురుషోత్తమ్.


బాగేపల్లి,
30 జనవరి 2025.

సార్ గారికి,

ఈసారి మంచి వార్త కాదు. పూర్వసిద్ధతా పరీక్ష అయింది. అదే, పబ్లిక్ పరీక్షకు ముందు బడిలోనే పెట్టే పరీక్ష. అర్పిత ఏ ప్రశ్నా వదలలేదు. అన్నిటికీ జవాబులు రాసింది. కన్నడ అక్షరాలు, తెలుగు వాక్యాలు. బొమ్మలకు పేర్లు కూడా అట్లాగే పెట్టింది. హెడ్‌మాస్టర్ గారే ఆ పేపరు దిద్ది పేజీ పేజీకి సున్నాలు పెట్టారు.

నేను పోట్లాడాను. ఆయన కోప్పడలేదు, కుర్చీ చూపించి కూర్చోమన్నారు. "మిస్, నేనూ ఇంట్లో తెలుగే మాట్లాడేది. చదివితే నాకు అర్థమయింది. పిల్ల రాసిందాంట్లో తప్పు లేదు. కానీ మార్చిలో ఈ పేపరు నా చేతికి రాదు గదా? ఇంగా రెండు నెలలు ఉండాది. డబ్బాలు మూసేయండి. నలభై ప్రశ్నలు కన్నడంలో కంఠపాఠం చేయించండి, బొమ్మలు గీయించండి. పాసయిపోతాది" అన్నారు. మిగతా పద్దెనిమిది మందినీ ఆయనే పొద్దున్నే కూర్చోబెట్టి రాయిస్తున్నారు.

అర్పితతో మూడు రోజులు రాయించి చూశాను. నాలుగో రోజు లక్ష్మీదేవమ్మ గారు బడికి వచ్చారు. "పిల్ల ఇంట్లో మాట్లాడేదే మానేసింది అమ్మా. ఏం చేస్తాండారు దాన్ని?" అన్నారు. ఆ రోజే రాయించడం ఆపేశాను.

అందుకే అడుగుతున్నాను. మీరు పదహారేళ్ళు మౌల్యమాపనకు, పబ్లిక్ పరీక్ష పేపర్లు దిద్దడానికి, వెళ్ళారు కదా. ఇట్లాంటి పేపరు వస్తే దిద్దేవాళ్ళు ఏం చేస్తారు? జవాబు సరిగ్గా ఉంటే మార్కు వేస్తారా? మీరు వేస్తారంటే డబ్బాలు మూయను. వెయ్యరంటే రేపటి నుంచే కంఠపాఠం మొదలుపెడతాను, ఏడ్చినా సరే. మీరు ఏదంటే అది చేస్తాను. ఈరప్పను రేపు సాయంత్రం దాకా ఆగమని చెప్పాను.

నమ్రత.


చింతామణి,
3 ఫిబ్రవరి.

అమ్మా నమ్రతా,

వేస్తారు.

మన సీమలో తెలుగు రాని మేష్టరు ఎక్కడున్నాడు? పేపరు చదివేవాడికి అర్థం కావాలి, అంతే. అర్థమయ్యాక ఏ మేష్టరు చెయ్యీ సున్నా పెట్టదు. నువ్వు ధైర్యంగా ఉండు. డబ్బాలు మూయొద్దు. పిల్ల నోరు మూయించి పాస్ చేయించినా అది చదువు కాదు.

ఈరప్పను నాలుగు రోజులు ఆపినందుకు ఏమీ అనుకోకు. ఒంట్లో బాగాలేదు. ఇంతకంటే రాయలేను.

పురుషోత్తమ్.


బాగేపల్లి,
5 ఏప్రిల్.

సార్ గారికి నమస్కారాలు.

పరీక్షలు అయిపోయాయి. మీ ఆరోగ్యం ఎట్లా ఉంది? అప్పటి నుంచి మీ నుంచి ఉత్తరం లేదు. ఈరప్పను అడిగితే "సార్ బాగానే ఉండాడు మేడమ్, మీ అంగడి దగ్గర కూర్చోనుంటాడు" అన్నాడు.

సైన్సు రోజున గేటు దగ్గరే నిలబడ్డాను. అర్పిత నవ్వుకుంటూ వచ్చింది. ఇనప మేకు ప్రశ్న వచ్చిందట. సబ్బు ప్రశ్న కూడా వచ్చిందట. "అవ్వకు చెప్పినట్లే రాసినా మిస్, ఒక్క ముక్క వదల్లేదు" అంది. ఎండలో అక్కడే నిలబెట్టి రాసిందంతా చెప్పించుకున్నాను. దాదాపు అన్నీ సరిగ్గా ఉన్నాయి. నాకు కళ్ళు తడిశాయి.

ఒక్కటి మాత్రం గుచ్చుకుంటోంది. మన జిల్లా పేపర్లు మన జిల్లాలో దిద్దరట ఇప్పుడు. కట్టలు కట్టి వేరే జిల్లాలకు పంపుతారట. ఈ ఏడాది ఉత్తరాన ఎక్కడికో పోయాయంటున్నారు. అక్కడి మేష్టర్లకు తెలుగు రాదు గదా సార్? మంజునాథ గారిని అడిగితే ఆయన నా మొహం చూసి, టీ తాగమన్నారు.

అయినా మీరు చెప్పారు కదా. ఆ మాట పట్టుకునే ఉన్నాను.

నమ్రత.


బాగేపల్లి,
3 మే.

సార్,

నిన్న ఫలితాలు వచ్చాయి. పద్దెనిమిది మంది పాస్. అర్పిత తప్పింది.

సైన్సులో ఎనభైకి పదిహేడు. పాస్ కావడానికి పదకొండు తక్కువ. ఆ పదిహేడు కూడా గుర్తు పెట్టే ప్రశ్నలకు, సమీకరణాలకు, బొమ్మల గీతలకు వచ్చి ఉంటాయి. కన్నడలో పాస్, అక్కడా కంఠపాఠమే. సోషల్‌లో పాస్. అంజినప్ప సార్ ఆ సబ్జెక్టు పుస్తకం మూసి కంఠపాఠం చేయించారు, అర్థం తెలియకపోయినా అక్షరం అక్షరం గుర్తుపెట్టుకుని దింపేసింది. లెక్కల్లో పాస్. తప్పింది సైన్సు ఒక్కటే. దానికి నిజంగా వచ్చింది కూడా సైన్సు ఒక్కటే.

జవాబు పత్రం ఫోటోకాపీకి అర్జీ పెట్టాను. మీరు పైవాళ్ళకు ఒక ఉత్తరం రాసిస్తే, ఇన్నేళ్ళు దిద్దినవారు కాబట్టి, వింటారేమో. తప్పినవాళ్ళకు ఇంకా రెండో పరీక్ష ఉంది ఈ నెలాఖరులో. పదో తేదీ లోపల ఫారం ఇవ్వాలి. మీరు ఒక్కసారి గట్టుపల్లికి వచ్చి పిల్లతో మాట్లాడితే బాగుంటుంది. మీరంటే దానికి డబ్బాల సార్. చూడకపోయినా మీ గురించి అడుగుతుంటుంది.

త్వరగా జవాబు రాయండి.

నమ్రత.


బాగేపల్లి,
11 మే.

సార్,

మీరు జవాబు రాయలేదు. ఉత్తరం మీ చేతికే ఇచ్చానని ఈరప్ప ఒట్టు పెట్టుకున్నాడు.

నిన్నటితో ఫారం తేదీ అయిపోయింది. మంజునాథ గారు అంతా తానే నింపి, పిల్ల సంతకానికి చోటు మాత్రం వదిలి, నన్ను తన బండి మీద గట్టుపల్లికి తీసుకుపోయారు. అర్పిత గడప దగ్గర కూర్చుని ఉంది. కాగితం ముట్టుకోలేదు.

"నాకు వచ్చింది రాసినా మిస్. అది కాదన్నారు. నాకు ఇంగొకటి రాదు" అంది.

కన్నడంలో నేను నేర్పిస్తాను, ఇరవై రోజులుంది అన్నాను. "ముందే నేర్పించాల్సింది గదా?" అని అడిగింది. కోపంగా కాదు సార్, సైన్సు ప్రశ్న అడిగినట్టే అడిగింది. లక్ష్మీదేవమ్మ గారు లోపలి నుంచి బయటికి రాలేదు. పాపన్న తాత గోడ వైపు తిరిగి పడుకున్నాడు. సంతకం లేకుండానే ఫారం వెనక్కి తెచ్చాం. మంజునాథ గారు దారిలో నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

రేపటి నుంచి అర్పిత వ్యాన్ ఎక్కుతుంది.

నమ్రత.


చింతామణి,
24 మే.

నమ్రతకు,

నీ రెండు ఉత్తరాలూ అందాయి. ఈరప్ప అబద్ధం చెప్పలేదు. చెప్పింది నేను.

నేను రిటైర్ కావడానికి ఆరేళ్ళ ముందు సంగతి. మౌల్యమాపనకు వెళ్ళాను, ఏ ఊరన్నది ఎందుకులే. నా కట్టలో ఒక పేపరు వచ్చింది. కన్నడ అక్షరాలు, తెలుగు వాక్యాలు. నీ పిల్ల రాసినట్టే. అప్పుడు మన సీమ పేపర్లు మన చేతికే వచ్చేవి. చదివాను. కంటి గురించి ప్రశ్న. ఆ పిల్లో పిల్లాడో ఇట్లా రాశారు: "ఎండలోకి పోతే కంటిపాప చిన్నదయితాది, గదిలోకి వస్తే పెద్దదయితాది, దానికి ఎవురూ చెప్పే పన్లేదు." పుస్తకంలో ఎక్కడా లేని వాక్యం అది. తనంత తాను తెలుసుకుని రాసింది. దానికి సున్నా పెట్టాను. ఆ పేపరంతా సున్నాలే పెట్టాను.

నియమం అది, నేనేం చెయ్యగలను అని చాలా ఏళ్ళు నాకు నేనే చెప్పుకున్నాను. కానీ ముఖ్య పరీక్షకుడు పక్క గదిలోనే ఉన్నాడు. లేచి వెళ్ళి, దీనికి ఏదైనా దారి ఉందా అని అడగొచ్చు. అడిగితే రాసివ్వమంటాడు, పై ఆఫీసుకు ఫోన్ చెయ్యాలంటాడు, రెండు గంటలు పడుతుంది. అప్పటికి ఒంటిగంట కావస్తోంది. నాకు ఆకలిగా ఉంది. నమ్రతా, అంతే కారణం. చిత్రాన్నం పెట్టారు ఆ పూట. రెండుసార్లు వేయించుకుని తిన్నాను.

తిని వచ్చి కూర్చున్నాక ఆ వాక్యం పోలేదు. ఎవరి బిడ్డో, పాసయ్యారో, ఏమయ్యారో తెలియదు. తెలుసుకునే వీలూ లేదు, పేపరు మీద పేరుండదు కదా. అవ్వకు చెప్పి రా అనే పద్ధతి ఆ మరుసటి ఏడాది మొదలుపెట్టాను. అప్పటిదాకా డబ్బాలు ఉత్త ప్రయోగాల డబ్బాలు. ఇదంతా నీకు చెప్పలేదు.

జనవరిలో నువ్వు సూటిగా అడిగావు. ఈరప్పను నాలుగు రోజులు ఆపాను. మొదటి రోజు "వెయ్యరు, కంఠపాఠం చేయించు" అని రాశాను. చించేశాను. అది రాస్తే, మీకెట్లా తెలుసు అని నువ్వు అడుగుతావు. అప్పుడు ఇదంతా చెప్పాలి. నీ దగ్గర నాకున్న మర్యాద పోతుందని భయపడ్డాను. ఇంకొకటి కూడా ఉంది. నీ పిల్ల అట్లా రాసి పాసయితే, నేను పెట్టిన సున్నా ఎక్కడో మాసిపోతుందని ఆశపడ్డాను. నా ఆశ కోసం నీ పిల్లను ముందుకు తోశాను.

గట్టుపల్లికి రాలేను. ఆ పిల్ల నన్ను సార్ అని పిలిస్తే నేను నిలబడలేను.

పురుషోత్తమ్.


బాగేపల్లి,
8 జూన్.

సార్,

మీ ఉత్తరం చదివి పక్కన పెట్టి పదిరోజులు వేరే పనులు చేసుకున్నాను. ఇప్పుడు రాస్తున్నాను.

మీరు అప్పుడు సున్నా పెట్టినందుకు కాదు నా కోపం. ఆకలి వేస్తే నేనూ అంతే చేసి ఉంటానేమో. ఫిబ్రవరిలో ఈ ఉత్తరం రాసి ఉంటే నా చేతిలో యాభై రోజులు ఉండేవి. పిల్ల ఏడ్చేది, మాట్లాడడం మానేసేది, నన్ను తిట్టుకునేది, పాసయ్యేది. మీ మర్యాద కూడా ఎక్కడికీ పోయేది కాదు, అది నా దగ్గర భద్రంగా ఉండేది. ఇప్పుడు లేదు. ఇది రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు, అయినా రాస్తున్నాను.

నన్ను నేను కూడా తిట్టుకుంటున్నాను. మంజునాథ గారు నిజం చెప్తే వినలేదు. నాకు నచ్చిన జవాబు ఎవరు ఇస్తారో వాళ్ళనే వెతుక్కుని అడిగాను.

ఫోటోకాపీ వచ్చింది. ఇందులో పెట్టాను. ఇరవై రెండు పేజీలు. ఎక్కడ ఉన్నాడో ఆ మేష్టరు, వాక్యాలున్న ప్రతి పేజీకి గుండ్రంగా, ఒకే కొలతలో సున్నాలు చుట్టాడు. చదవడానికి ప్రయత్నించిన గుర్తు ఒక్కచోట ఉంది. ఎనిమిదో పేజీలో ఒక మాట కింద గీత గీసి, ప్రశ్నార్థకం పెట్టి, మళ్ళీ సున్నా పెట్టాడు.

మీరు దీన్ని దిద్దండి. ఎర్ర ఇంకుతో, మార్కులు వేసి, కూడి, సంతకం పెట్టి పంపండి. దీనివల్ల ఏమీ కాదని నాకు తెలుసు.

నమ్రత.


చింతామణి,
19 జూన్.

నమ్రతా టీచరుకు,

పేపరు దిద్దాను. మూడు రోజులు పట్టింది. ఎక్కువ వెయ్యలేదు, తక్కువ వెయ్యలేదు. పరీక్ష గదిలో దిద్దినట్టే దిద్దాను.

ఇనప మేకు ప్రశ్నకు మూడుకు మూడు. "ఇనుముకు బలం ఎక్కువ, రాగిని తోసేసి దాని జాగాలో తాను కూర్చుంటాది, తోసేసిన రాగి వచ్చి మేకుకే అంటుకుంటాది" అని రాసింది. నీలం నీళ్ళు లేత ఆకుపచ్చగా మారడం కూడా వదలలేదు. సబ్బు ప్రశ్నకు రెండుకు రెండు. చింతపండు గురించి అడగకపోయినా రాసింది, దానికి మార్కు లేదు. గుండె బొమ్మలో రెండు పేర్లు తారుమారయ్యాయి, ఒక మార్కు తీశాను. విద్యుత్తు లెక్కలో ప్రమాణం రాయలేదు, అర తీశాను. సగం సగం రాసిన జవాబులు చాలానే ఉన్నాయి, వాటికి సగమే వేశాను. రెండు ప్రశ్నలు నిజంగానే తప్పు రాసింది, వాటికి సున్నా పెట్టాను. ఆ సున్నాలు పెట్టడానికి చాలాసేపు పట్టింది.

మొత్తం యాభై మూడు.

నా రిజిస్టర్ నంబరు మర్చిపోయాను, అందుకని పేరు మాత్రం రాసి సంతకం పెట్టాను. పిల్లకు చూపిస్తావో లేదో నీ ఇష్టం.

పురుషోత్తమ్.


చింతామణి బస్సు కోసం బస్టాండులో, బాగేపల్లి,
6 జులై.

సార్,

ఈ ఏడాది గట్టుపల్లికి నన్ను పిలవలేదు. సైన్సుకు పర్మనెంట్ టీచర్ వచ్చారు, నందీశ్ అని. మొదటి రోజే బీరువా తాళం పగలగొట్టించారు. లోపల పరీక్షనాళికలు, ఒక మైక్రోస్కోప్ ఉన్నాయి. అట్టపెట్టె కూడా విప్పని కొత్త మైక్రోస్కోప్. నాకు చూపించినప్పుడు చెయ్యి పెట్టబుద్ధి కాలేదు.

నేను చింతామణికే వచ్చేస్తున్నాను, నాన్న అంగడిలో కూర్చుంటాను. మీ పద్నాలుగు డబ్బాలూ ఈరప్ప ముందే తెస్తాడు. పసుపు డబ్బాలో కాగితాలు అయిపోయాయి, మళ్ళీ చేసి పెట్టలేదు. అంగడి ముందు మీరు కూర్చుని ఉన్నా నేను పలకరిస్తానో లేదో నాకే తెలియదు. ఏమనుకోవద్దు.

ఈ రోజు ఆదివారం గదా అని పొద్దున గట్టుపల్లికి వెళ్ళాను. అర్పిత ఇంట్లోనే ఉంది. వేళ్ళ నిండా ముళ్ళు గీసుకున్న గుర్తులు, ఒక వేలికి గుడ్డ చుట్టుకుంది. షెడ్డు ఎట్లా ఉందంటే, "చల్లగా ఉంటాది మిస్. పూలు వాడిపోకూడదు గదా, మిషన్లు పెట్టిండారు" అంది. ఆ మిషన్ చల్లదనం ఎట్లా ఇస్తుందో అడుగుతుందేమోనని ఎదురుచూశాను. అడగలేదు.

పేపరు ఇచ్చాను. గడప మీద కూర్చుని ఒక్కొక్క పేజీ తిప్పింది. ఎర్ర ఇంకు ఉన్న చోటల్లా ఆగింది. తప్పు రాసిన రెండు ప్రశ్నల దగ్గర, "ఔను, ఇవి నాకు రాలేదు" అంది. చివరి పేజీలో యాభై మూడు మీద వేలు పెట్టి చాలాసేపు చూసింది.

"ఎవరు మిస్ దిద్దింది?"

డబ్బాల సార్ అన్నాను.

"ఆ సార్‌కు తెలుగు వస్తాదా?"

వస్తుందన్నాను.

"పేపర్లు దిద్దేకి పోతాండ్యా ఆ సార్?"

పదహారేళ్ళు పోయాడన్నాను.

కాగితాలు జాగ్రత్తగా సర్ది, మడత పెట్టి, నా చేతికే ఇచ్చేసింది. షెడ్డు సంచిలో పెట్టుకుంటే తడుస్తాదంది. తరువాత అంది, "నాది ఆ సార్ చేతికి పడింటే బాగుండు గదా మిస్. ఆయప్ప అయితే సున్నా పెట్టుండడు."

మీ సంగతి చెప్పలేదు సార్. ఔను అని తల ఊపాను.

నమ్రత.